మక్లాయ్ మాట ఒక్కటే

మీరు ఎప్పుడైనా సెలవులకు కొత్త ఊరు వెళ్ళే ఉంటారు. మొదటిరోజు అక్కడి పిల్లలు మీకేసి వింతగా చూస్తారు. మీరూ వాళ్ళకేసి అలాగే చూస్తారు. రెండోరోజు ఎవడో ఒకడు దగ్గిరికి వచ్చి, “మీదే ఊరు?” అని అడుగుతాడు. మూడోరోజుకల్లా అందరూ కలిసి ఆడుకుంటూ ఉంటారు. ఇంత తేలికగా స్నేహం కుదరటానికి ఒక కారణం ఉన్నది. మీ మాట వాళ్ళకు తెలుసు, వాళ్ళ మాట మీకు తెలుసు.

కాని మాట తెలియని చోటికి, అక్కడి మనుషులు ఎలాటివాళ్ళో తెలియని చోటికి వెళ్ళవలసి వస్తే? మనని చూడగానే వాళ్ళు విల్లు ఎక్కుపెడితే? అప్పుడు స్నేహం చేయటం ఎట్లా? సుమారు నూట యాభై ఏళ్ళ క్రితం ఒక రష్యన్ యువకుడికి సరిగా ఈ సమస్యే ఎదురయింది. అతను దాన్ని పరిష్కరించిన తీరు చాలా చిత్రంగా ఉంటుంది.

అతని పేరు నికొలాయ్ మిక్లూహో మక్లాయ్. 1846లో పుట్టాడు. జీవశాస్త్రం చదువుకున్నాడు. ఆ కాలంలో యూరపులో కొందరు పండితులు, “మనుషులందరూ ఒక్కటి కారు. కొన్ని జాతులు పుట్టుకతోనే తక్కువవి. వాటికి తెలివితేటలు రావు,” అని వాదించేవారు. ఇలా వాదించేవారిలో చాలామంది ఆ జాతుల మనుషులతో ఒక్కరోజయినా గడిపి ఎరుగరు. వాళ్ళ మధ్య కొంతకాలం బతికితే తప్ప నిజం తెలియదని మక్లాయ్ అనుకున్నాడు.

ఇందుకు అతను న్యూగినీ దీవిని ఎన్నుకున్నాడు. ఇది ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్నది. ప్రపంచంలోని దీవులలో గ్రీన్‌లాండు తరవాత ఇదే పెద్దది. దాని ఈశాన్య తీరాన ఒక అఖాతం ఉన్నది. 1827లో దుర్విల్ అనే ఫ్రెంచి నావికుడు అటుగా పోతూ, ఆ అఖాతానికి తన ఓడ పేరయిన “ఆస్ట్రొలాబ్” అని పేరు పెట్టాడు. కాని ఒడ్డున దిగలేదు. అక్కడి పాపువా జనానికి ఇనుము అంటే తెలియదు. రాతిగొడ్డళ్ళతో చెట్లు కొట్టుకుని, చేమదుంపలు, పెండలం పండించుకుని, చేపలు పట్టుకుని బతికేవారు. వాళ్ళ భాషలో ఒక్క ముక్క తెలిసినవాడు బయటి ప్రపంచంలో ఎవడూ లేడు.

“వీత్యాజ్” అనే రష్యన్ యుద్ధనౌక పదినెలలకు పైగా ప్రయాణం చేసి, 1871 సెప్టెంబరు 20వ తేదీన మక్లాయ్‌ను ఆ తీరానికి చేర్చింది. అప్పటికి అతనికి ఇరవైఅయిదేళ్ళు. అతనితో ఇద్దరు సహాయకులు మాత్రం ఉన్నారు. ఒకడు ఓల్సన్ అనే స్వీడిష్ నావికుడు. రెండోవాడు నియువే దీవికి చెందిన ఒక కుర్రవాడు.

మక్లాయ్ ఒడ్డుకు దిగి ఊళ్ళోకి వెళ్ళేసరికి ఊరంతా ఖాళీగా ఉన్నది. జనమంతా అడవిలోకి పారిపోయారు. ఒక్కడు మాత్రం పారిపోకుండా చెట్ల చాటున తచ్చాడుతున్నాడు. మక్లాయ్ అతనికి ఒక ఎర్ర గుడ్డముక్క ఇచ్చాడు. చెయ్యి పట్టుకుని, మెల్లిగా ఊళ్ళోకి తీసుకువచ్చాడు. ఆ మనిషి పేరు తూయి. ఆ దేశంలో మక్లాయ్‌కు దొరికిన మొదటి స్నేహితుడు అతనే.

మర్నాడు అంతా తారుమారయింది. ఆ రోజు రష్యాలో ఒక రాకుమారుడి పుట్టినరోజు. ఆచారం ప్రకారం ఓడమీద ఫిరంగులు పేల్చారు. జనం హడలిపోయారు. కొందరు నేలమీద పడి వణికారు. ఒక ఎర్ర గుడ్డముక్కతో మొదలయిన నమ్మకం ఫిరంగి మోతతో చాలావరకు పోయింది.

నావికులు గరగాసి అనే చోట సముద్రపు ఒడ్డున మక్లాయ్‌కు ఒక పాక వేసి పెట్టారు. అతని ప్రాణానికి రక్షణగా పాక చుట్టూ మందుపాతర్లు కూడా పెట్టారు. తూయి వచ్చి చేతులతో సైగలు చేస్తూ ఒక సంగతి చెప్పాడు. ఓడ వెళ్ళిపోగానే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి, పాక కూలదోసి, ఈటెలతో పొడిచి చంపుతారని దాని అర్థం. మక్లాయ్‌కు అర్థమయింది. అయినా అతను ఓడ ఎక్కలేదు. వారంరోజులకు వీత్యాజ్ వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఏం చేయాలి? తుపాకి పట్టుకుని పాకలో కూర్చుంటే ఎంతకాలం కూర్చున్నా స్నేహం కలవదు. అందుచేత దగ్గిరలో ఉన్న ఊరికి ఒంటరిగా వెళ్ళాలని అతను నిశ్చయించుకున్నాడు. పిస్తోలు తీసుకుపోవాలా, వద్దా అని చాలాసేపు ఆలోచించాడు. చేతిలో పిస్తోలు ఉంటే, ఎవరైనా మీదికి వచ్చినప్పుడు పేల్చబుద్ధి అవుతుంది. ఒక్క గుండు పేలిందంటే ఇక ఆ జన్మకు వాళ్ళు తనను నమ్మరు. ఇలా అనుకుని, పిస్తోలు ఇంట్లోనే పెట్టి, నోటు పుస్తకం, పెన్సిలు జేబులో వేసుకుని బయలుదేరాడు.

ఊళ్ళో అతన్ని చూడగానే మగవాళ్ళు బల్లేలు, విల్లంబులు పట్టుకుని చుట్టూ మూగారు. రెండు బాణాలు అతని పక్కనుంచి రివ్వున దూసుకుపోయాయి. ఒకడు బల్లెం ఎత్తి అతని మొహం మీదికి వచ్చాడు. వెనక్కు తిరిగి పరిగెత్తితే ప్రాణం పోవటం ఖాయం. ఎదురుతిరిగినా అంతే. స్నేహంగా మాట్లాడదామంటే మాట రాదు.

అప్పుడు మక్లాయ్ ఏం చేశాడో తెలుసా? అక్కడ కనిపించిన ఒక కొత్త చాపను చెట్టునీడకు లాక్కుని, బూట్ల తాళ్ళు వదులుచేసుకుని, నడుంపట్టీ సడలించి, పడుకుని నిద్రపోయాడు!

వట్టి నటన కాదు. నడిచి వచ్చిన అలసట మూలాన అతనికి నిజంగానే నిద్రపట్టింది. రెండుగంటలకు పైగా పడుకున్నాడు. లేచి చూసేసరికి కొందరు మనుషులు అతని చుట్టూ కూర్చుని, వక్క నములుతూ, మెల్లిగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ చేతుల్లో ఆయుధాలు లేవు. మక్లాయ్ బూట్ల తాళ్ళు బిగించుకుని, వచ్చిన దారినే ఇంటికి వెళ్ళిపోయాడు.

వక్క నమలటం అన్నాను గదా. మన పెద్దలు భోజనం తరవాత వేసుకునే తాంబూలం వంటిదే అది. పాపువా జనం కూడా వక్కను, తమలపాకు తీగెకు కాసే కాయను, సున్నాన్ని కలిపి నములుతారు. మనదేశానికి వేలమైళ్ళ దూరాన, మన పేరు కూడా వినని ఊళ్ళో, కూర్చుని కబుర్లు చెప్పుకునే పద్ధతి ఒక్కటే అయింది!

చాపమీద నిద్రపోయిన మనిషిని చూసి వాళ్ళు ఏమనుకుని ఉంటారు? చెడ్డతలంపుతో వచ్చినవాడు శత్రువుల మధ్య నిద్రపోడు. నిద్రపోయినవాడు తన ప్రాణాన్ని వాళ్ళ చేతుల్లో పెట్టినట్టే. ముందుగా తాను నమ్మితే గాని ఎదుటివాడు నమ్మడని మక్లాయ్ గ్రహించాడు.

అయితే నిద్రపోయినంతమాత్రాన స్నేహం పూర్తికాలేదు. ముందు భాష నేర్చుకోవాలి. మక్లాయ్ ఒక్కొక్క వస్తువునే చూపించి పేరు అడిగి రాసుకునేవాడు. ఇది తేలిక అనుకుంటున్నారేమో! అతను నేలమీదినుంచి ఒక ఆకు తీసి చూపించి, “ఇదేమిటి?” అన్నట్టు సైగ చేశాడు. ఒకడు ఒక మాట చెప్పాడు. రెండోవాడు ఇంకో మాట, మూడోవాడు మరో మాట చెప్పారు. తరవాత విచారిస్తే తేలిందేమిటంటే, ఒకడు ఆ చెట్టు పేరు చెప్పాడు, ఒకడు “పచ్చన” అన్నాడు, నేలమీద పడిన ఆకు గనక ఇంకొకడు “పనికిరానిది” అన్నాడు! వస్తువుల సంగతి ఇలా ఉంటే, “మంచి”, “చెడ్డ” వంటి మాటలు ఎలా తెలుసుకోవటం? వాటిని వేలు పెట్టి చూపలేము గదా. మక్లాయ్ వాళ్ళకు చేదువీ, పుల్లనివీ రుచి చూపించి, వాళ్ళ మొహాలు ఎలా మారుతున్నాయో, ఏమంటున్నారో చూసి, ఆ మాటలు పట్టుకోవలసి వచ్చింది. అంతచేసి ఒక ఊరి భాష నేర్చుకుంటే, కొండమీది ఊళ్ళో భాష వేరు. ఇప్పటి పాపువా న్యూగినీ దేశంలో ఎనిమిదివందలకు పైగా భాషలున్నాయి.

భాష ఒకటే కాదు, మర్యాద కూడా నేర్చుకోవాలి. ఊళ్ళోకి కొత్తవాడు వస్తే అక్కడి ఆడవాళ్ళు దాగిపోయేవారు. అందుకని మక్లాయ్ ఊరు సమీపించగానే గట్టిగా ఈల వేసేవాడు. “నేను వస్తున్నాను. దొంగచాటుగా రావటం లేదు,” అని దానర్థం. ఆడవాళ్ళు తప్పుకున్నాక ఊళ్ళో అడుగుపెట్టేవాడు. క్రమంగా వాళ్ళు అతను వచ్చినా దాగటం మానేశారు. ఎవరైనా కొబ్బరికాయో, చేపో తెచ్చిస్తే ఊరికే పుచ్చుకోక, పూసలో, మేకులో, గుడ్డముక్కో తిరిగి ఇచ్చేవాడు. ఎవరి ఇంట్లోకీ పిలవకుండా వెళ్ళేవాడు కాదు.

అతను వచ్చినది శాస్త్రపరిశోధన కోసం గదా. పాపువా వాళ్ళ తలవెంట్రుకలు మనకు మల్లే మొలవవనీ, కుచ్చులు కుచ్చులుగా మొలుస్తాయనీ యూరపులో పుస్తకాలు రాశారు. అది నిజమో కాదో చూడటానికి వెంట్రుకలు కావాలి. ఇవ్వమంటే ఎవరూ ఇవ్వలేదు. అప్పుడతను తన జుట్టులోంచి ఒక కుచ్చు కత్తిరించి, “ఇది నీకు, అది నాకు,” అన్నాడు. ఈ బేరం వాళ్ళకు నచ్చింది. కొంతకాలానికి చూసుకుంటే అతని తల ఒకపక్క దాదాపు బోడి అయిపోయింది! కాని నిజం తేలింది. వాళ్ళ వెంట్రుకలూ అందరి వెంట్రుకల మాదిరిగానే మొలుస్తాయి. పండితులు పుస్తకాల్లో రాసినది తప్పు.

ఈలోపల జ్వరాలు పట్టుకున్నాయి. ముగ్గురూ మంచాన పడ్డారు. నియువే కుర్రవాడు 1871 డిసెంబరులో చనిపోయాడు. మక్లాయ్ క్వినైను మింగుతూ, వణుకుతూనే వంట చేసుకుని, ఊళ్ళు తిరిగాడు. ఆ చలిజ్వరం దేనివల్ల వస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. దాని రహస్యం బయటపడింది మన సికింద్రాబాదులో. 1897లో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు ఒక జాతి దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు.

1872లో తూయి చెట్టు కొడుతూండగా అది అతని తలమీద పడింది. లోతైన గాయమయింది. మక్లాయ్ పరిగెత్తిపోయి, గాయం చుట్టూ జుట్టు కత్తిరించి, కడిగి, కట్టుకట్టాడు. తూయి కోలుకున్నాడు. ప్రాణం తీస్తారని హెచ్చరించిన మనిషికి మక్లాయ్ ఈ విధంగా బదులు తీర్చాడు. ఆ తరవాత జబ్బు చేసినవాళ్ళు అతని కోసం కబురు పంపసాగారు.

ఒకనాడు అతను వాళ్ళకు వినోదంగా ఉంటుందని పళ్ళెంలో కొంచెం స్పిరిటు పోసి అంటించాడు. నీళ్ళు మండుతున్నాయనుకుని వాళ్ళు బెదిరిపోయి, “సముద్రాన్ని కాల్చేయకు!” అని బతిమాలారు. అతను చంద్రుడి మీదినుంచి వచ్చాడనుకునేవారు. అతన్ని “కారమ్ తామో” అనేవారు. తామో అంటే మనిషి. కారమ్ తామో అంటే చంద్రుడి మనిషి. వాన ఆపమని కూడా అడిగేవారు. తనవల్ల కాదని చెబితే, “చేయగలవు, చేయవు అంతే,” అనేవారు.

ఇంకొకడైతే ఈ భయాన్ని ఉపయోగించుకుని రాజులాగా కూర్చునేవాడు. మక్లాయ్ మాత్రం ఒక నియమం పెట్టుకున్నాడు. వాళ్ళతో ఎన్నడూ అబద్ధం ఆడరాదు. చేయలేనిది చేస్తాననరాదు. చేస్తానన్నది చేయక మానరాదు. దీనివల్ల అక్కడ ఒక సామెతే పుట్టింది: “బలాల్ మక్లాయ్ హూది.” అంటే, మక్లాయ్ మాట ఒక్కటే.

1872 డిసెంబరులో అతని కోసం ఒక రష్యన్ ఓడ వచ్చింది. అప్పటికే అతను చనిపోయాడని పత్రికల్లో పడింది. ఊళ్ళవాళ్ళు వెళ్ళవద్దని బతిమాలారు. “మళ్ళీ వస్తాను,” అని మాట ఇచ్చి మక్లాయ్ వెళ్ళాడు. అన్నమాట ప్రకారం 1876లో తిరిగి వచ్చి, ఏడాదికి పైగా ఉన్నాడు. గుమ్మడి, పుచ్చ, మొక్కజొన్న విత్తనాలు తెచ్చి వాళ్ళకిచ్చాడు.

ఈ రెండోసారి అతనికి పెద్ద పరీక్ష వచ్చింది. బోంగు అనే ఊళ్ళో ఒక సాయంకాలం అందరూ కూర్చుని ఉండగా, సౌల్ అనే స్నేహితుడు, “మక్లాయ్, నువు చచ్చిపోగలవా?” అని అడిగాడు. అందరూ చెవులు నిక్కించి వింటున్నారు. “చావను” అంటే అబద్ధం. అంతవరకూ ఆడని అబద్ధం ఇప్పుడు ఆడాలి. “చస్తాను” అంటే, వాళ్ళకు అతనిపై ఉన్న గురి పోవచ్చు. మక్లాయ్ లేచి ఒక పదునైన బల్లెం తీసుకువచ్చి సౌల్ చేతికిచ్చాడు. కొన్ని అడుగులు వెనక్కు వేసి, మొహం బాగా కనబడేట్టు టోపీ తీసి నిలబడి, “మక్లాయ్ చస్తాడో చావడో నువే చూడు,” అన్నాడు.

సౌల్ బల్లెం ఎత్తనే లేదు. “ఆరెన్! ఆరెన్!” అని అరిచాడు. అంటే, వద్దు, వద్దు అని. కొందరు పరిగెత్తుకు వచ్చి, మక్లాయ్‌కు తమ శరీరాలు అడ్డం పెట్టారు.

చూశారా? అయిదారేళ్ళ క్రితం ఇలాటి బల్లెమే అతని మొహం మీదికి వచ్చింది. ఇప్పుడు అడగకుండానే అతనికి అడ్డం నిలబడ్డారు. నీళ్ళు మండించి వాళ్ళను భయపెట్టవచ్చు. కాని భయపడ్డవాళ్ళు మన కోసం బల్లేనికి ఎదురు నిలవరు.

స్నేహం వల్ల సుఖమే కాదు, బాధ్యత కూడా ఉంటుంది. ఆ కాలంలో కొన్ని ఓడలవాళ్ళు దీవుల్లో దిగి, జనాన్ని మాయమాటలతోనో బలవంతంగానో ఎక్కించుకుపోయి, ఫిజీలోనూ ఆస్ట్రేలియాలోనూ తోటల్లో పనికి పెట్టేవారు. తనను నమ్మినవాళ్ళు ప్రతి తెల్లవాణ్ణీ నమ్మి మోసపోతారేమోనని మక్లాయ్‌కు దిగులు పట్టుకున్నది. 1877లో సెలవు తీసుకునేటప్పుడు, “నాలాగే కనిపించేవాళ్ళు వస్తారు. అందరూ నావంటివారు కారు. జాగ్రత్త,” అని వాళ్ళను హెచ్చరించాడు. బ్రిటిషు అధికారులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 1883లో మూడోసారి కొద్దిరోజులు వచ్చి, మేకలనూ ఎడ్లనూ ఇచ్చిపోయాడు. 1884లో జర్మనీ ఆ తీరాన్ని ఆక్రమించింది. అక్కడివాళ్ళు ఇందుకు ఒప్పుకోరంటూ మక్లాయ్ జర్మనీ ప్రధాని బిస్మార్కుకు తంతి కొట్టాడు. దానివల్ల ఫలితం లేకపోయింది.

1886లో రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ అతనికొక ఉత్తరం రాశాడు. మక్లాయ్ సేకరించిన వస్తువుల కన్నా, ఎక్కడికి వెళ్ళినా మనిషి మనిషేననీ, అతన్ని కలుసుకోవటానికి తుపాకి అక్కర్లేదనీ అనుభవం ద్వారా రుజువు చేయటమే గొప్ప సంగతి అని ఆయన ఉద్దేశం. 1888లో, నలభైఒక్క ఏళ్ళ వయసులో, మక్లాయ్ జబ్బుతో చనిపోయాడు. అతను కోరుకున్న స్వాతంత్ర్యం ఆ తీరానికి చాలా ఆలస్యంగా, 1975లో పాపువా న్యూగినీ దేశంతోపాటు వచ్చింది.

మక్లాయ్ చేసిన పనులలో పిస్తోలు ఇంట్లో పెట్టి వెళ్ళటం ఒక్కటే మహాసాహసం. మిగిలినవి మనమూ చేయగలం. దొంగచాటుగా కాక, వస్తున్నామని తెలియజేసి వెళ్ళవచ్చు. పరాయి భాషవాడు తటస్థపడితే వాడి భాషలో నాలుగు మాటలు అడిగి నేర్చుకోవచ్చు. పుచ్చుకున్నదానికి తిరిగి ఇవ్వవచ్చు. మాట ఇస్తే నిలబెట్టుకోవచ్చు. కొత్తచోట స్నేహం కలవటానికి ఇంతకన్న పెద్ద విద్య లేదు.

1971లో, మక్లాయ్ దిగిన సరిగా నూరేళ్ళకు, ఒక ఓడలో రష్యన్ శాస్త్రజ్ఞులు ఆ తీరానికి వెళ్ళారు. బోంగు ఊరివాళ్ళు మక్లాయ్ కథలు చెప్పారు. వాళ్ళ భాషలో ఇనుపగొడ్డలిని “తపోర్” అంటారు. అది రష్యన్ మాట. మొదటి ఇనుపగొడ్డలిని వాళ్ళ చేతికిచ్చిన స్నేహితుడు నేర్పిన మాట.